చిట్టికి ఒక కుర్చీ

బచేలిలో ఇనుప ఖనిజాన్ని పరీక్షించే ప్రయోగశాలలో నేను రసాయన విశ్లేషకురాలిని. రుజువు లేనిదే ఏదీ నమ్మను. మా ఏడేళ్ల పావని మాత్రం, ‘చిట్టి’ అనే కనబడని స్నేహితురాలు పక్కన కూర్చుంటేనే తడబడకుండా చదువుతుంది.

“చిట్టి బరువెంతే? తూచి చూపించు,” అని ఏడిపించేదాన్ని.

“నీ తక్కెడకి అందదులేవే అమ్మా!” అనేది.

నిరుడు బడిలో పఠన పోటీకి, ఊహల్లోని స్నేహితుల గురించిన బొమ్మల పుస్తకాన్ని పావని ఎంచుకుంది. వేదికపై తన పక్కన ఖాళీ కుర్చీ వేయించుకుంది. న్యాయనిర్ణేత దాన్ని తీయించారు. పావని పుస్తకం తెరిచింది కానీ నోరు పెగలలేదు. వెనక వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి.

నేను లేచి నిలబడ్డాను. “సర్, ఆ కుర్చీ ఉండనీయండి.”

“అరే మేడమ్‌జీ, అందులో ఎవరు కూర్చుంటారు?”

సభంతా నా వైపు తిరిగింది. “మా ల్యాబ్‌లో ఖనిజంతోపాటు, ఏ ఖనిజమూ వేయని గిన్నెనూ పరీక్షకు పెడతాం సర్. ఆ ఖాళీ గిన్నె లేకపోతే ఫలితాన్ని నమ్మం.”

ఆయన నవ్వి, కుర్చీ తెప్పించారు. పావని ఆఖరి పుట దాకా ఒక్క మాటా తడబడకుండా, గొంతెత్తి చదివింది. హాలు చప్పట్లతో మారుమోగింది.

చిట్టి ఉందని నేనిప్పటికీ ధ్రువీకరించలేను. కుర్చీ తీస్తే పావని గొంతు మూగబోయింది, వేస్తే పలికింది. రెండే పరిశీలనలు, ఇంత తక్కువ ఆధారంతో నేను ఏ నివేదికపైనా సంతకం చేయను.

అయినా ఆ రోజు వేదిక మీంచే పావని, “అమ్మా, చిట్టికి కూడా కొట్టవేటి?” అని అరిస్తే, ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.