స్టీరింగ్‌కి తగిలించిన ఎర్ర బిళ్ళ

హెడ్లీ థర్టిల్‌కి అరవై ఏడేళ్ళు. నార్విచ్ బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్కుగా చేశాడు. రిటైరై చాలాకాలమైనా గోళ్ళ కింద నలుపు పోలేదు. థర్న్ నది మీద మా పన్నెండు కుటుంబాలకీ ఉమ్మడిగా ఉన్న మోటారు పడవ ‘స్వాలోటెయిల్’ ఇంజను పూచీ ఆయనదే. జీతం ఏమీ లేదు. ఏటా ఏప్రిల్ మీటింగులో ఆయన పేరు చదివినప్పుడు అందరం చప్పట్లు కొడతాం, అంతే.

ఉమ్మడి పడవ ఉన్నవాళ్ళు ఒకరినొకరు పెద్దగా చూసుకోరు. ఎవరి వారం వాళ్ళది. శనివారం మధ్యాహ్నానికి దిగిపోయేవాళ్ళు డీజిల్ నింపి, పరుపులు దులిపి, ఏం పాడైందో నోటుబుక్కులో పెన్సిలుతో రాసి పోతారు. ఎక్కేవాళ్ళు అది చదివి బయల్దేరతారు. మార్చిలో రంగులేసే రెండు రోజులు, ఏప్రిల్ మీటింగు తప్పిస్తే మిగతా ఏడాదంతా ఒకరి చేతిరాతను ఒకరు నమ్ముకోవడమే.

ఎర్ర బిళ్ళ కూడా అలాంటి నమ్మకమే. ఇంజను చల్లబడడానికి పడవ అడుగునున్న కుళాయిలోంచి నది నీళ్ళు లోపలికొస్తాయి. నాచు, ఆకులు ఆపడానికి దారిలో ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. అక్టోబరు ఆఖరి వారం వాడుకున్నవాళ్ళు దిగేముందు ఆ కుళాయి మూసి, గిన్నెలో నీళ్ళు ఖాళీ చేసి, స్టీరింగ్‌కి ఎర్ర రేకు బిళ్ళ తగిలించాలి. బిళ్ళ ఉందంటే కింద కుళాయి మూసి ఉన్నట్టు. చలికాలంలో ఇక ఎవరూ వంగి చూడరు.

ఆ ఆఖరి వారం పంతొమ్మిదేళ్ళుగా మిసెస్ కెరిసన్‌ది. పేరు ఆలివ్. కానీ ఆ పేరుతో పిలిచే ధైర్యం మాలో ఎవరికీ లేదు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఒకప్పుడు సైకిలు మీద మూడు ఊళ్ళకి ఉత్తరాలు పంచేది. భర్త రేమండ్ పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఒక్కతే వస్తుంది, రెండు మలుపులు దాటి రెల్లు పక్కన పడవ కట్టేసి, రేడియో వింటూ వారమంతా గడిపేస్తుంది. మగవాళ్ళందరినీ, హెడ్లీతో సహా, ‘అబ్బాయ్’ అనే పిలుస్తుంది.

నవంబరులో జరిగింది చిన్న పని. మా పడవ కట్టే చోట గట్టుకి కొత్త గుంజలు దిగ్గొడతామని, సోమవారం పడవలన్నీ వెనక కాలవలోకి లాగేస్తామని పడవల యార్డువాళ్ళు నోటీసు అంటించారు. యార్డు కుర్రాళ్ళు లాగితే పక్కన రంగు గీసుకుపోతుందని హెడ్లీకి భయం. అంతకు ముందోసారి గీశారు కూడా. అందుకని ఎవరికీ చెప్పకుండా ఆదివారం పొద్దున్నే తనే వెళ్ళాడు. బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. కుళాయి తెరిచి, ఇంజను వేసి, ఎనభై గజాల దూరం నడిపి కాలవలో కట్టేశాడు. తాళ్ళు ముడేస్తుంటే వడగళ్ళు మొదలయ్యాయి. ఒంటిగంటకి భార్య వెండీ ఆదివారం మాంసం రోస్టు బల్ల మీద పెట్టేస్తుంది, ఆలస్యమైతే ఊరుకోదు. ఇంజను ఆపాడు. జేబులో చెయ్యి పెడితే బిళ్ళ తగిలింది. తీసి స్టీరింగ్‌కి తగిలించి వచ్చేశాడు.

కుళాయి మూయలేదు. మూయలేదన్న సంగతి అప్పుడు ఆయనకు తట్టలేదు. బిళ్ళ దాని చోట్లో అది ఉంది కదా.

జనవరిలో ఎనిమిది రాత్రులు వరసగా మంచు పడింది. గిన్నెలో నీళ్ళు గడ్డకట్టి గిన్నె పగిలింది. మంచు కరిగిన రోజున నది లోపలికొచ్చింది. లోపల చేరిన నీళ్ళు తోడే చిన్న మోటారు బ్యాటరీ ఉన్నంతసేపూ తిరిగి ఆగిపోయింది. బుధవారం పొద్దున యార్డు నుంచి ఫోను వచ్చేసరికి ‘స్వాలోటెయిల్’ కిటికీల దాకా మునిగి కాలవ బురదలో కూచుని ఉంది. యార్డు కుర్రాళ్ళే దాన్ని అక్కడికి లాగారని అందరూ అనుకున్నారు.

పంపులు పెట్టి తోడారు. హెడ్లీ తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని లోపలికి దిగాడు. సీట్ల పరుపులు తేలుతున్నాయి. ఇంజను మూత ఎత్తి నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమితే కుళాయి పిడి గొట్టానికి అడ్డంగా కాక దాని బారునే తగిలింది. అంటే తెరిచే ఉంది. జేబులో బిళ్ళ తగిలిన ఆ క్షణం అప్పుడు గుర్తొచ్చింది.

యార్డు మేస్త్రీ గెడ్జ్ గట్టు మీంచి తొంగి చూశాడు.

“ఏంటి సంగతి?”

“గిన్నె పగిలింది.”

“కుళాయి?”

“తెరిచి ఉంది.”

“బాగుంది సంబడం. ఆఖరి వారం ఎవరిదయ్యా?”

“మిసెస్ కెరిసన్‌ది,” అన్నాడు హెడ్లీ.

అడిగినదానికి నిజమే చెప్పాడు. ఆయన చేసిన తప్పంతా ఆ నిజంలోనే ఉంది. కుళాయి మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది.

తడిసిన నోటుబుక్కు కూడా దొరికింది. పెన్సిలు రాత గనక చెరగలేదు. ఆఖరి పేజీలో పోస్టాఫీసు అక్షరాలతో ఇలా ఉంది: ‘కుళాయి మూశాను. గిన్నె ఖాళీ చేశాను. బిళ్ళ తగిలించాను. వాతావరణం బాగుంది.’ అది చూసి అందరూ తలలు పంకించారు. పాపం, చేశాననుకుని రాసేసింది అన్నారు.

మా కార్యదర్శి ఫిలిప్పా మేస్ ఆమెకు ఫోను చేసింది. ఎవరినీ తప్పు పట్టడం లేదని మూడుసార్లు చెప్పింది. మిసెస్ కెరిసన్ మొదట గట్టిగానే అంది: “నేను మూశానమ్మాయ్. గిన్నెలో నీళ్ళు ఐస్‌క్రీం డబ్బాలోకి వంచి నదిలో పోశాను.” నాలుగు రోజులు పోయాక తనే ఫోను చేసి, “నేను పొరబడ్డానేమో,” అంది.

 రేపు చెబుదాం అనుకున్నాడు హెడ్లీ. ఆదివారం చెబుదాం అనుకున్నాడు. వారాలు గడిచేకొద్దీ తప్పు రెండయింది. మరిచిపోయింది ఒకటి, ఊరుకున్నది ఒకటి. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పే వీల్లేదు.

మార్చి ఆఖరి ఆదివారం రంగులేసే పనికి అందరం యార్డు షెడ్డులో చేరాం. పడవని పైకెత్తి దిమ్మెల మీద పెట్టారు. ఆడా మగా అందరం ముక్కుకి గుడ్డలు కట్టుకుని అడుగు భాగం గీకుతున్నాం. మిసెస్ కెరిసన్ రాలేదు. మాలో డెంజిల్ అనే ఆయనకి నోరు ఊరుకోదు.

“ఆవిడ పంచిన ఉత్తరాలు ఎవరెవరిళ్ళలో పడ్డాయో! మా పెళ్ళికి రావలసిన గ్రీటింగు కార్డులు ఇప్పటికీ రాలేదంటే రాలేదూ?”

“నీ పెళ్ళికి కార్డు పంపేంత జాలి ఎవరికుందిలే,” అంది ఆయన భార్య, గీకుతూనే.

నవ్వులు. హెడ్లీ ఇంజను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయటికి కాళ్ళే కనబడుతున్నాయి. ఆ కాళ్ళు కదలడం ఆగింది.

టీ వేళకి ఫిలిప్పా ఒక ఉత్తరం చదివింది. మిసెస్ కెరిసన్ తన వాటా వదులుకుంటోందట. ‘నా జ్ఞాపకశక్తిని నేనిక నమ్మలేను గనక ఇంకొకరి ప్రాణం మీదికి రాకముందే తప్పుకోవడం మర్యాద. మీటింగులో దీనిని ఖాయం చేయగలరు.’ సాసేజ్ రోలు నోట్లో పెట్టుకోబోయిన డెంజిల్ దాన్ని పళ్ళెంలో పెట్టేశాడు. ఎవరో “గౌరవంగా తప్పుకుంది, మంచి మనిషి,” అన్నారు. మీటింగు ఆ పై శనివారమే.

కారులో ఇంటికి వెళ్తూ ఉండగా ఊరి పొలిమేర దాటాక వెండీ అంది:

“ఆ వడగళ్ళ ఆదివారం నువ్వు ఎక్కడికెళ్ళావు?”

“ఏ ఆదివారం?”

“నాతో ఆడకు హెడ్లీ. మోకాళ్ళ దాకా తడిసి వచ్చావు. బంగాళాదుంపలు మాడిపోయాయని నేను అరిచాను. ఆ ప్యాంటుకి డీజిలు వాసన పోవడానికి రెండుసార్లు ఉతికాను.”

హెడ్లీ కారు పక్కకి ఆపాడు. అంతా చెప్పాడు.

“నాకు జనవరిలోనే అనుమానం వచ్చింది,” అంది వెండీ. “నువ్వే చెబుతావని చూశాను. అంటే నేనూ నీలాంటిదాన్నే.”

“మీటింగు అయ్యాక వెళ్ళి నెమ్మదిగా...”

“అయ్యాక ఎవరికి కావాలి? ఆవిడ కారు అమ్మేసింది, తెలుసా?”

“కారు ఎందుకు?”

“ఎందుకేంటి? కుళాయి మరిచిపోయినదాన్ని, ఎర్ర దీపం దగ్గర ఆగడం మరిచిపోనా అందిట. తిప్పు బండి.”

మిసెస్ కెరిసన్ ఇంటి ముందు వెండీ కారులోనే ఉండిపోయింది. ఆ తర్వాత జరిగింది హెడ్లీ, మిసెస్ కెరిసన్ ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు. ఎక్కడా తేడా లేదు.

మిసెస్ కెరిసన్ తలుపు తీసి, “బూట్లు విప్పు అబ్బాయ్, ఇప్పుడే తుడిచాను,” అంది. వంటింట్లో కూచోబెట్టింది. గోడ నిండా పసుప్పచ్చ చీటీలు: స్టవ్ ఆపావా, వెనక తలుపు, మాత్రలు, ఈ రోజు ఏ వారం. హెడ్లీ అవన్నీ చదివాడు.

“అలా చూడకు. ముందుజాగ్రత్త,” అంది ఆమె. “జ్ఞాపకశక్తి పరీక్షకి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. గడియారం బొమ్మ వెయ్యమన్నారు. పదకొండూ పది. వేశాను. జంతువుల పేర్లు చెప్పమన్నారు. ఇరవై ఒకటి చెప్పాను. ఆ పిల్ల ‘మీకేం లేదండీ’ అంది. దానికి పడవ సంగతి తెలియదుగా.”

“మిసెస్ కెరిసన్...”

“విచిత్రం ఏంటంటే, ఆ నీళ్ళు నదిలో పోయడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బాతు ఒకటి తిండి అనుకుని దగ్గరకొచ్చింది. అది ఇంకో ఏడాది జరిగిందేమో.”

“మొన్న అక్టోబరులోనే.”

“నీకెలా తెలుసు?”

చెప్పాడు. నోటీసు, ఆదివారం, జేబులో బిళ్ళ, గెడ్జ్ అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు. బల్ల మీద గుడ్డ చూస్తూనే చెప్పాడు.  కెటిల్ మరిగి తనంతట తనే ఆగింది. ఎవరూ లేవలేదు.

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“పడవలోకి దిగిన రోజే.”

ఆమె గోడ మీది కేలండరు దగ్గరికి వెళ్ళి వేలితో లెక్కపెట్టింది. “పది వారాలు,” అంది. “పది వారాలుగా నేను పొద్దున్న లేచి నా పేరు నేను చెప్పుకుంటున్నాను. ఇంకా గుర్తుందా లేదా అని.”

“కారు నేను వెనక్కి అడిగి తెస్తాను. ఎవరికిచ్చారో చెప్పండి.”

“నువ్వేమీ అడగవు. పక్కింటి పిల్ల దాంట్లో ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తోంది. దాని నోటి దగ్గరిది లాక్కుంటానా?”

“నన్ను క్షమించమని...”

“ఆగక్కడ. నాకు చెప్పడం తేలిక. ముసలిదాన్ని, ఒంటిదాన్ని, వంటింట్లో చెప్పేస్తే అయిపోతుంది. శనివారం వాళ్ళందరి ముందూ చెప్పు. నేను ముందు వరసలో కూచుంటాను. ఇప్పుడు వెళ్ళు. టీ ఇవ్వను.”

శనివారం ఊరి హాల్లో హెడ్లీ లేచి నిలబడ్డాడు. కాగితం రాసుకొచ్చాడు గానీ చూడలేదు. ఐదు నిమిషాలు పట్టింది.  ముందుగా తేరుకుంది డెంజిల్.

“పోనీలెండి. మనుషులం, మరిచిపోతాం. పడవ బాగైంది కదా, ఇక...”

“ఉత్తరాల సంగతి ఏమైంది అబ్బాయ్?” అంది మిసెస్ కెరిసన్ వెనక్కి తిరక్కుండానే. “నేను పోగొట్టిన కార్డుల సంగతి? నీ పెళ్ళినాటికి నేనింకా ఆ ఉద్యోగంలోనే చేరలేదు.”

డెంజిల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆమెకి ఎవరు చేరేశారో నేను చెప్పను. ఫిలిప్పా ఏదో చదవబోయి కాగితాలు కిందా మీదా చేసింది. నిజానికి ఆ హాల్లో హెడ్లీని అనగలిగిన వాళ్ళు ఎవరూ లేరు. నోటుబుక్కులో ఆమె రాసింది మేమందరం చదివాం. ఆమె చేతిరాతని పంతొమ్మిదేళ్ళు నమ్మి, ఆ ఒక్కసారి వయసు చూసి కొట్టిపారేశాం. నేనూ తల పంకించినవాళ్ళలోనే ఉన్నాను.

వాటా వదులుకునే ఉత్తరం ఆమె వెనక్కి తీసుకుంది. హెడ్లీ ఇంజను పూచీ వదిలేస్తానన్నాడు. చేతులెత్తమని ఫిలిప్పా అంటుండగానే మిసెస్ కెరిసన్ అడ్డం వచ్చింది.

“వద్దు. ఇతన్నే ఉండనివ్వండి. ఇంజను సంగతి తెలిసింది ఇతనొక్కడికే. డెంజిల్‌కి ఇస్తే నిజంగానే మునుగుతాం.”

అందరూ నవ్వారు, బరువు దిగినట్టు. హెడ్లీ నవ్వలేదు. ఆయన పేరు చదివినప్పుడు చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియక చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూచున్నాం.

అక్టోబరు ఆఖరి శనివారం మిసెస్ కెరిసన్ తన వారానికి వచ్చింది. కారు లేదు గనక రెండు బస్సులు మారాలి. స్టాపు నుంచి యార్డుకి మైలు నడక. కారులో తీసుకొస్తానని హెడ్లీ ఉత్తరం రాశాడు, వెండీ ఫోను చేసింది. అవసరం లేదంది. అయినా హెడ్లీ స్టాపు దగ్గర కారు ఆపుకుని కాచుకున్నాడు.

ఆమె బస్సు దిగి, చక్రాల సంచి దింపుకుని, “చలిగా ఉంది అబ్బాయ్,” అని ఆగకుండా ముందుకి సాగింది.

హెడ్లీ కారు తలుపు వేసి, కారు అక్కడే వదిలేసి, నాలుగడుగులు వెనకగా నడవడం మొదలుపెట్టాడు. గతుకుల దారి. సంచి రెండుసార్లు ఒరిగింది. ఆమె నిలబెట్టుకుంది. సంచి ఇమ్మని ఆయన అడగలేదు, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. యార్డు గేటు దాకా ఇద్దరూ అలాగే వచ్చారు.