ఉలవల పలక మీద ఐదు వేళ్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో, నా చిన్నప్పుడు, మేము పాలమూరు జిల్లా కోస్గిలో ఉండేవాళ్లం. మేము అంటే నేనూ మా అవ్వా. అమ్మా బాపూ పుణెలో బిల్డింగుల పనికి పోయి ఆర్నెల్లకోసారి వచ్చేవారు. అవ్వ ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీలో ఆయాగా చేసేది. గదులు ఊడవడం, కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడగడం ఆమె పని. నేను ఆరో తరగతి. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలుకాగానే, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అవ్వ దగ్గరే కాలేజీలో గడిపేదాన్ని.

ఆ ఏడాది మా పక్కింటి అక్క కూడా అక్కడే ఉండేది. ఆమె అదే కాలేజీలో డిగ్రీ చదివి, పాలమూరులో ఎమ్మెస్సీ చివరికి వచ్చింది. ప్రాజెక్టు చేసుకుంటానంటే తనకు పాఠాలు చెప్పిన సారే ల్యాబు తాళం ఇచ్చాడు. ఆమె ఎంచుకున్నది ఉలవలు. ఎండు ఉలవలకూ, నానబెట్టి మొలకెత్తించిన ఉలవలకూ లోపల తేడా ఏమిటో తేల్చాలని ఆమె పట్టుదల. గింజలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో అల్లుకుని ఉంటాయనీ, మొలక వచ్చేటప్పుడు ఆ అల్లిక విడిపోతుందనీ చెప్పింది. నాకు సగమే ఎక్కింది.

అది గమనించి, ఒక చాక్‌పీసు మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, కాసిని నీళ్లు పోసిన మూతలో నిలబెట్టింది. నీళ్లు పైకి పాకుతుంటే నలుపు విడిపోయి, నీలం ఒకచోట, గులాబీ ఒకచోట, పసుపు ఇంకాస్త పైన ఆగాయి. నేను నోరు తెరుచుకుని చూశాను.

"నడకల తేడా, గంతే. కొన్ని ఉరుకుతయి, కొన్ని మెల్లగ పోతయి. నా పని గూడ గిదే. కాకపోతే నా చుక్కలకు రంగుండది" అంది అక్క.

ఆమె దగ్గరున్నవి అరచేయంత రేకు పలకలు. ఒకవైపు తెల్లటి పొడి నున్నగా అతికి ఉండేది. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంతో కింది గీత మీద వరుసగా చుక్కలు పెట్టి, ఘాటు వాసన కొట్టే ద్రావకం ఉన్న గాజు జాడీలో నిలబెట్టి మూత వేసేది. ద్రావకం పైదాకా ఎక్కడానికి మూడు గంటలు పట్టేది. తీసి ఆరబెట్టాక కూడా పలక తెల్లగానే ఉండేది. చేనుకు మందు కొట్టినట్టు దాని మీద ఒక మందు చల్లి, వేడి పెట్టెలో ఉంచితే అప్పుడు తేలేవి చుక్కలు, ఊదారంగులో. పలక ముఖాన్ని ముట్టొద్దనీ, అంచులే పట్టుకోవాలనీ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పలకలు ఒక్కొక్కటే అయిపోయాయి. ఒకదాంట్లో చుక్కలు అలుక్కుపోయాయి, ఇంకోదాంట్లో అసలు ఎక్కలేదు. ఆఖరి పలక మిగిలింది. ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజులే ఉన్నాయి. ఆ పలక మాత్రం బాగా నడిచింది. దాన్ని బల్ల మీద ఆరబెట్టి, పొద్దటి నుంచి ఏమీ తినలేదంటూ అక్క అన్నానికి ఇంటికి పోయింది. అవ్వ పక్క గదిలో ఊడుస్తోంది. ల్యాబులో నేనొక్కదాన్నే.

పలక అంత తెల్లగా, అంత నున్నగా ఉంది. ఐదు వేళ్లూ ఆనించాను. చల్లగా, సన్నటి పిండిలా తగిలింది. చెయ్యి తీసి చూస్తే ఏ మరకా లేదు. బతికిపోయాననుకుని కిటికీ దగ్గర కూర్చుని హోంవర్కు తీశాను.

అక్క వచ్చి మందు చల్లి, పలకను వేడి పెట్టెలో పెట్టింది. ఐదు నిమిషాలకు తీసి చూసి అలాగే నిలబడిపోయింది. చుక్కలు వచ్చాయి. వాటి మధ్య, సరిగ్గా మొలకల వరుస మీద, ఐదు వేలిముద్రలు కూడా వచ్చాయి. గీతలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, ముదురు ఊదారంగులో.

అదే సమయానికి సారు లోపలికొచ్చాడు. పలకను ఒక్క చూపు చూసి అవ్వను పిలిచాడు. ప్రయోగం నడుస్తున్నప్పుడు ఆయాలు ఆ బల్ల దగ్గరికి రావద్దని ఆయన పెట్టిన నియమం. అవ్వ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను ముట్టలే సారూ. ఈ దిక్కే రాలే."

"నువ్వు ముట్టకుంటే ఇంకెవరు ముట్టిండ్రు? రేపటి సంది ల్యాబు పనికి రాకు. ఇంకొకరికి చెప్త."

అవ్వ చీపురు కోసం వెనక్కి తిరిగింది. ఆమె ముఖం నాకు కనపడకుండా పుస్తకంలోకి తల దించుకున్నాను. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా అవ్వ చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. పలకను లోపల దాచకుండా పోవడం తన తప్పేనని అక్క అంటున్నా సారు వినిపించుకోకుండా స్టాఫ్ రూముకు పోయాడు.

అక్క పలకను నా ముందున్న బల్ల మీద పెట్టింది. అవ్వ వేళ్లు పని చేసి చేసి వెడల్పయినవి. పలక మీది ముద్రలు ఒక్కొక్కటీ నానిన శనగగింజంతే ఉన్నాయి. ఆమెకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక వడపోత కాగితం ముక్క తీసుకుని, దాని మీద తన బొటనవేలు గట్టిగా అద్ది, మందు చల్లి వేడి చేసింది. అదే ఊదారంగు తేలింది.

"మన చెమటల గూడ గవే అమైనో ఆమ్లాలుంటయి. ఎవరు ముట్టినా గిట్లనే వస్తది" అని ఆ కాగితాన్ని పలక పక్కన పెట్టింది. "నీ వేళ్లు చూపియ్యమని నేనడుగ బిడ్డా. అడిగితే నీ చెయ్యి చెప్తది. నువ్వు చెప్పాలె."

అంతమాత్రం చెప్పి గాజు సామాను సర్దుకోవడంలో పడింది. నా వైపు మళ్లీ చూడలేదు.

ల్యాబు నుంచి స్టాఫ్ రూముకు ఇరవై అడుగులుంటాయేమో. గోడ పట్టుకుని నడిచాను. గుమ్మంలో నిలబడి, సారు తలెత్తకముందే, "నేనే ముట్టిన సార్, మా అవ్వ కాదు" అనేసి ఏడ్చేశాను. ఆయన లేచి, నన్ను దాటుకుని వరండాలోకి నడిచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"తెలుసుకోకుండ నోరు జారిన, అవ్వా. మనసుల పెట్టుకోకు" అన్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన ఆమెను అవ్వా అని పిలవగా నేను వినలేదు.

"పోనీ సారూ" అంది అవ్వ. తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని, ఎందుకు ముట్టానని అడిగింది. తెల్లగుంది, మెత్తగుంటదేమో అనుకున్న అన్నాను. అవ్వకు నవ్వొచ్చింది.

పలక మాత్రం పోయింది. కొత్తవి తెప్పించే వ్యవధి లేదు. మర్నాడు సారు స్టోరు గదంతా వెతికి, ఎప్పటిదో ఆ తెల్ల పొడి డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. నీళ్లలో కలిపి గాజు పలకల మీద పూసుకుంటే పని నడుస్తుందన్నాడు. అక్కా ఆయనా కలిసి పూసినవి ఒక్కటీ నిలవలేదు. ఒకచోట గడ్డకట్టింది, ఒకచోట ఆరగానే నెర్రెలిచ్చింది. గుమ్మం అవతల నుంచి చూస్తున్న అవ్వ ఉండబట్టలేకపోయింది.

"గంత గట్టిగుంటే పగుల్తది సారూ. జర పల్చగ గావాలె. గోడకు పూసినా గింతే గదా."

సారు గిన్నెను ఆమె వైపు జరిపాడు. ఏళ్ల తరబడి మట్టిగోడలు అలికిన చెయ్యి అది. అవ్వ పిండిని మజ్జిగంత పల్చగా కలిపి, గాజు మీద పోసి, పలకను అటూ ఇటూ వంచింది. పొడి తనంతట తానే సర్దుకుని నున్నగా పరుచుకుంది. ఆరు పలకలు చేస్తే ఐదు నిలిచాయి. నేను దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాను.

మూడో రోజు వేడి పెట్టె తెరిచినప్పుడు నలుగురం దాని చుట్టూ ఉన్నాం. ఎండు ఉలవల వరుసలో వెలిసిపోయినట్టున్న చుక్కలు మూడో నాలుగో ఉన్నాయి. మొలకల వరుసలో కింది నుంచి పైదాకా ముదురు చుక్కలు, మధ్యలో ఒకటి పసుపుపచ్చగా. అక్క అవ్వ భుజాలు పట్టుకుని ఊపేసింది. అవ్వ పలక మీదికి వంగి, మొలకలు తింటే బలమని తనకు ముందే తెలుసంది. సారు పకపకా నవ్వాడు.

ప్రాజెక్టు పుస్తకంలో అక్క ఆ మంచి పలకతో పాటు పాడైన పలక బొమ్మ కూడా పెట్టింది. దాని కింద, ఆరబెట్టిన పలకను కాపలా లేకుండా వదిలిపోవడం వల్ల వేలిముద్రలు పడ్డాయని రాసుకుంది. నా పేరు రాయలేదు.

ఇప్పుడు నేను ఒక గురుకులంలో కెమిస్ట్రీ చెబుతున్నాను. అవ్వ నా దగ్గరే ఉంటోంది. ల్యాబులో ఏదైనా పగిలితే ఎవరు చేశారని వెంటనే అడగను. కాసేపు నా పనేదో నేను చేసుకుంటూ ఉంటాను. చాలాసార్లు ఎవరో ఒక పిల్ల మెల్లగా బల్ల దగ్గరికి వస్తుంది. రాని రోజులూ ఉన్నాయి. ఇక నా చేతుల్లోనే ఏదైనా తప్పు జరిగితే, అడిగేవాళ్లు లేకపోయినా ప్రిన్సిపాల్ మేడం గదికి నేనే వెళ్లి చెబుతాను. ఇన్నేళ్లయినా ఆ గుమ్మం దాటేటప్పుడు నా చెయ్యి గోడను వెతుక్కుంటుంది. ఒకసారి పట్టుకోనిచ్చి లోపలికి నడుస్తాను.