ఆయుధపూజ తర్వాత అలిగిన ఇల్లు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది నేను కళ్యాణదుర్గం రూరల్ సెక్షన్‌లో విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా, జనం భాషలో ఏ.ఇ.గా, పనిచేస్తున్నాను. రిటైర్మెంటుకు కొద్ది నెలలే ఉంది. దసరా వెళ్ళిన తర్వాత ఒక పొద్దున టిఫినుకు ఉగ్గాని ముందు కూర్చున్నానో లేదో, ఓబులేసు గారి నుంచి ఫోను. ఇంట్లో కరెంటు లేదు, చీనీతోట ఎండిపోతాండాది అని ఒకటే గోడు.

ఓబులేసు గారు రైతు, వ్యాపారి, కొంత రాజకీయం. ఆ చీనీ, అంటే బత్తాయి, తోట మధ్యలో కోవిడ్‌కు ముందు కట్టుకున్న కొత్త ఇంట్లో గేటు, దీపాలు, కుళాయిలు, చివరికి బోరు మోటారు కూడా ఫోనులో వేలు పెడితే పనిచేస్తాయి. అంతా బెంగళూరు కంపెనీ బిగించినది. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళందరికీ ఆయన కర్టెన్లు మూసి తెరిచి చూపించాడు. నాకు మూడుసార్లు చూపించాడు.

లైన్‌మన్ బాషాతో వెళ్తే గేటే తెరుచుకోలేదు. బాషా గోడకు నిచ్చెన వేశాడు. ఆ వయసులో నేను దొంగలా గోడ దూకి ఇంట్లోకి వెళ్ళాను.

మా శాఖ నియమం స్పష్టం. మీటరు దాకా మా బాధ్యత, మీటరు దాటితే ఇంటాయనది. మీటరుకు కరెంటు నిక్షేపంగా వస్తోంది. ఆ మాట రాసి, సంతకం పెట్టించుకుని వచ్చేయవచ్చు. కానీ ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. చెట్ల కింద పిందెలు రాలి పరుచుకుని ఉన్నాయి. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు పగలు కొన్ని గంటలే ఇస్తాం. ఆ వారం మా ఫీడరుకు, అంటే ఆ తోటలకు వెళ్ళే లైనుకు, అది మధ్యాహ్నం రెండింటికి ఆగిపోతుంది. ఆలోగా మోటారు తిరగాలి.

మా పై అధికారి ఏ.డి.ఇ. గారికి ఫోను చేసి సగం రోజు సెలవు పెట్టాను. అప్పటి నుంచి నేను అధికారిని కాను, ఓబులేసు గారి చుట్టాన్ని.

హాల్లో గోడకు కంపెనీ పెట్టె ఉంది. దానికి ఒక నల్లటి గాజుకన్ను, ఇంట్లో మనుషులున్నారో లేదో చూడటానికి. ఆయుధపూజ నాడు ఓబులేసు గారి తల్లి నాగమ్మవ్వ ట్రాక్టరుకు, మిక్సీకి పెట్టినట్టే ఈసారి ఆ కంటికీ నిండుగా విభూతి పట్టించి, నడుమ రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. కన్ను మూసుకుపోయింది. ఎవరూ కనబడకపోయేసరికి ఇంట్లోవాళ్ళంతా ఊరికి పోయారనుకుని పెట్టె దీపాలార్పి, నీళ్ళు కట్టేసి, మోటారు ఆపేసి, గేటు బిగించేసింది.

విభూతి తుడిచాం. కన్ను తెరుచుకుంది గాని పెట్టె అలక మానలేదు. తిరిగి మొదలుపెట్టడానికి కంపెనీ అనుమతి కావాలట. నంబరుకు చేస్తే అప్పట్లో బిగించిన ఇంజనీరే పలికాడు. కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇప్పుడతను దోసెల హోటలు నడుపుతున్నాడు. బెంగళూరు వస్తే తప్పకుండా తినిపోవాలని కోరాడు. పెట్టె విప్పుదామంటే ఒక్క మర లేదు, అంతా జిగురు. ఊరి ఎలక్ట్రీషియను దాన్ని ముట్టనని ముందే దండం పెట్టి వెళ్ళిపోయాడట.

"పాత స్టార్టరు ఉంటే పది నిమిషాల పనప్పా. పారేసినారా?" అన్నాడు బాషా.

"పూజ చేసినేదాన్ని యాడన్నా పారేస్తారా?" అంది నాగమ్మవ్వ.

దేవుడి గదిలో, చామంతిపూల కింద, ఆకుపచ్చ మీట, ఎర్ర మీటతో పాత ఇనుప స్టార్టరు కొలువుదీరి ఉంది. కొత్త పెట్టె వచ్చాక కూడా ఆమె ఏటా దానికి పూజ మానలేదు. నేను చెయ్యి చాపాను.

"ముట్టగాకు! శుక్రవారం హారతిచ్చినాకనే కదపల్ల."

"మ్మా, శుక్రవారానికి చెట్లుండవే," అన్నాడు ఓబులేసు గారు. అంతో ఇంతో రాజకీయం చేసిన మనిషి తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ చెట్ల వైపు చూసి మెత్తబడింది. అయితే ఎత్తేవాళ్ళే టెంకాయ కొట్టాలి, హారతి ఇవ్వాలి అంది. నేను కొట్టిన టెంకాయ ఎంతకీ పగలలేదు. గడియారం ఒంటిగంట దాటింది. చివరికి అవ్వే నా చేతిలోంచి లాక్కుని ఒక్క దెబ్బకు పగలగొట్టింది.

డ్యూటీలో ఉన్నవాడు బాషా ఒక్కడే కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏ.బి. స్విచ్ దించింది అతనే. ఆ స్విచ్ దించితే తీగల్లో ప్రాణం ఉండదు. షెడ్డులో కంపెనీ తీగలను విడదీసి పాత స్టార్టరుకు కలిపాం. స్విచ్ ఎత్తి ఆకుపచ్చ మీట నొక్కితే మోటారు మూలిగింది. కాసేపటికి పైపుల్లో నీళ్ళు బుసకొట్టాయి. ఓబులేసు గారు కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

తోట బతికింది. ఇంటి దీపాలకూ గేటుకూ తర్వాత మామూలు మీటలే బిగించుకున్నారు. మరుసటి ఏడు ఆయుధపూజకు అవ్వ కంపెనీ పెట్టెకు బొట్టు పెట్టలేదట, దానికి పూజ విలువేం తెలుసని.

ఆ తర్వాత కొత్త ఇల్లు కడుతున్న ప్రతివాళ్ళకూ నేను రెండు మాటలు చెబుతూ వచ్చాను. గోడలో ఏ యంత్రం పెట్టినా పక్కనే చేత్తో నొక్కే మీట ఒకటి ఉంచుకోండి. ఆ యంత్రం ఏమేం చేస్తుందో అమ్మేవాడే చెబుతాడు, చెడిపోతే ఎవరు విప్పుతారో మీరే అడగండి.