మోటారు మోత కింద నా గొంతు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకదానిలో నేను ల్యాబ్ అసిస్టెంటుని. పొద్దంతా వైర్లు, మీటర్లు, కాలిపోయిన బోర్డులు. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాక బుల్‌బుల్‌తార ముందు కూర్చుంటాను. మా వైపు భజనల్లో వాయిస్తారే, టైపు మిషనుకు ఉన్నట్టు మీటలుండి, కింద తంత్రులుండేది, అదే. నేను దాని మీద భజనలు వాయించను. మీటలు ముట్టుకోకుండా తంత్రుల మీద స్టీలు గ్లాసు అంచుతో రాస్తాను. చెంచాతో తట్టి, ఆ ధ్వని పూర్తిగా ఆరిపోయే దాకా ఆగుతాను. అలా వచ్చినవాటిని రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మాటల్లేని, తాళంలేని పాటలాంటిది ఒకటి చేస్తుంటాను.

అదేమిటో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ని. స్టాఫ్ రూములో ఒకసారి వినిపిస్తే ఒక లెక్చరర్ "మిక్సీ కరాబైందా అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా బావ ఇంటికొచ్చినప్పుడల్లా "నీ గిన్నెల సంగీతం ఏడిదాక వచ్చింది?" అని అడుగుతాడు. మా ఆవిడ కూడా ఒకనాడు బెండకాయలు తరుగుతూ "గిది ఎవరు వింటరు?" అంది. తల ఎత్తకుండా అడిగింది. అది వెక్కిరింపే అనుకున్నాను. లోపల పెట్టుకున్నాను.

ఒక ఆదివారం ఆమె యాచారంలో వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పడకగది కిటికీలు మూసి, తలుపుకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి కూర్చున్నాను. చెమటకు వేళ్ళు జారిపోతున్నాయి. మైకు తంత్రులకు దగ్గరగా పెట్టి మొదలుపెట్టాను. ఎన్నో ఆదివారాలుగా రానిది ఆ రోజు వచ్చేసింది. చివర గ్లాసు తీసేశాక కూడా తంత్రి చాలాసేపు మోగుతూనే ఉంది. ఆ మోగుతున్నంతసేపూ నా ఒళ్ళు నాకు తెలియలేదు.

ఆ తర్వాత దాన్ని తిరిగి వినకుండానే, ఇంటి వెనక బోరు మోటారు మోతను రికార్డు చేసి దాని అడుగున పరిచాను. ఫోనులో విన్నాను. బ్రహ్మాండంగా అనిపించింది. బావకు, స్టాఫ్ గ్రూపుకు, చదువుకున్నప్పటి స్నేహితులకు పంపి, "మొత్తం విని ఎట్లుందో చెప్పుర్రి, ఏం మార్చాల్నో చెప్పుర్రి" అని రాశాను. బొటనవేళ్ళు, మంటలు, చప్పట్ల బొమ్మలు వచ్చాయి. "సూపర్ అన్నా" అన్నారు. మార్చమని ఒక్కరూ అనలేదు.

ఇలాంటి సంగీతం చేసేవాళ్ళ గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. అక్కడ కూడా పెట్టాను. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు తెలుగులోనే జవాబిచ్చాడు. "మొదలు సాగదీశారు. మధ్యలో అంతా బురదగా ఉంది, తంత్రి వినపడటం లేదు. ఫోనులో విని నిర్ణయించకండి. మంచి స్పీకర్లున్న చోట ఒకసారి వినండి" అని. ఒళ్ళు మండింది. రెండోసారి చదివితే, అంతమందిలో నిజంగా విన్నది ఇతనొక్కడేనేమో అనిపించింది.

హయత్‌నగర్‌లో మెట్లెక్కి పోయే చిన్న స్టూడియో ఒకటి నాకు తెలుసు. బతుకమ్మ పాటలు, పెళ్ళి పాటలు రికార్డు చేస్తారు. సెలవు రోజున బస్సెక్కి వెళ్ళాను. నడిపే అతను నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. లోపల పాట రికార్డింగు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒక డోలక్ ఆయన కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్ళ పని అయ్యాక వినిపిస్తానన్నాను. "ఏంగాదన్నా, ఆళ్ళు చాయ్ తాగుతుర్రు గదా, పెట్టుర్రి" అన్నాడు.

పెట్టాడు. పెద్ద స్పీకర్లలో నా సంగీతం నాకే కొత్తగా ఉంది. డోలక్ ఆయన గ్లాసు కింద పెట్టి "మెషీన్ ఏమన్న ఖరాబైందా?" అని అడిగాడు. స్టూడియో అతను "కాదు పెద్దన్నా, మ్యూజిక్కే" అన్నాడు. ఆడవాళ్ళలో పెద్దామె మాత్రం తల వంచి వింటోంది.

చివరి భాగం దగ్గర స్టూడియో అతను ఆపాడు. "ఈడ మోటరు సప్పుడు తంత్రిని మింగుతుంది అన్నా. దాన్ని తీసి సూద్దాం" అని తెర మీద ఏదో గీత కిందికి లాగి, సౌండు పెంచాడు. మోటారు మోత మాయమైంది. తంత్రి ఒక్కటే సన్నగా, స్వచ్ఛంగా మోగింది. నేను మురిసిపోయేలోపే దాని వెనక నుంచి ఒక మగగొంతు వచ్చింది.

"అబ్బ! ఏం కొట్టినవ్‌రా!"

నా గొంతే. అక్కడితో ఆగలేదు. కాస్త ఊపిరి తీసుకుని, పళ్ళ సందు నుంచి అన్నట్టు,

"ఇగ సూడుర్రి. ఒక్కొక్కళ్ళ నోర్లు మూతవడాలె."

ఆ మాటలు అన్నట్టు నాకు జ్ఞాపకమే లేదు. చిన్నామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డోలక్ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎవల మీద అన్నా గంత కోపం?" అన్నాడు. స్టూడియో అతను నవ్వు ఆపుకుంటూ "అయితయన్నా, పాడేటోళ్ళు గూడ మైకు బందైందనుకొని ఏదేదో అంటరు" అని సర్దిచెప్పబోయాడు. నా చెవులు కాలిపోతున్నాయి. పొగుడుకున్నందుకు ఇంత సిగ్గు పడేవాణ్ని కాదేమో. ఆ రెండో మాటలో ఉన్న కసి అంతమంది ముందు బట్టలిప్పి నిలబెట్టినట్టుంది.

పెద్దామె నవ్వలేదు. "తంత్రి ఒక్కటే ఉన్నకాడ మంచిగుంది నాయనా. ఆడ నా పాణం నిమ్మలమైంది" అంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. థాంక్స్ కూడా చెప్పకుండా మెట్లు దిగేశాను.

బస్సులో కూర్చున్నాక అసలు భయం పట్టుకుంది. ఎంతమందికి పంపాను! ఎవరెవరు విన్నారు? నోళ్ళు మూతపడాలని నేను కోరుకున్నవాళ్ళకే స్వయంగా పంపుకున్నాను. మిక్సీ మాట అన్న లెక్చరర్‌కు ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడి, "గది మొత్తం విన్నవా?" అని అడిగాను.

"విన్న అన్నా, మొత్తం విన్న. లాస్టుల డ్రమ్స్ మస్తు కొట్టినవ్" అన్నాడు.

అందులో డ్రమ్స్ లేవు. బావకు చేశాను. "మొదలు విన్న బామ్మర్దీ, గంతల ఎవరో ఫోన్ చేసిర్రు" అన్నాడు. నా పాటను వాళ్ళిద్దరూ పూర్తిగా వినలేదని తెలిసి గుండె తేలికైంది. అలా తేలికైనందుకు మళ్ళీ సిగ్గేసింది.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ వాకిట్లో బట్టలు తీస్తోంది. "స్టూడియోల ఏమన్నరు?" అని అడిగింది.

"మోటరు మోత ఎక్కువైందట."

"గంతేనా? ఇంకేం వినవడలేదా ఆళ్ళకు?"

ఆమె బట్టలు మడతపెడుతూనే ఉంది.

"నువ్వు విన్నవా?" అన్నాను.

"నువ్వు ఇంటర్నెట్ల పెట్టిన దాన్నే, నువ్వు కాలేజికి పోయినంక ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్న. మొదటిసారి ఏం సమజ్ కాలే. అందుకే మల్ల మల్ల విన్న. మోటరు కింద ఉంటే మాత్రం నీ గొంతు నాకు ఎరుక కాదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు గంత సంబురంగ అందరికి పంపుతుంటివి." చేతిలోని చొక్కా తీగ మీదే వదిలేసి నా వైపు తిరిగింది. "ఒక్కటడుగుత. గా ఒక్కొక్కళ్ళల్ల నేను గూడ ఉన్ననా?"

లేవని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా పాటను మళ్ళీ మళ్ళీ విన్న మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఉన్నవ్" అన్నాను. "ఎవరు వింటరు అన్నవ్ గదా."

"అవ్, అన్న. ఎవరన్న వినేటోళ్ళు ఉన్నరా, ఎవరికి పంపుతవ్ అని అడిగిన." ఆమె గొంతు పెంచలేదు. "నాకు తెల్వకనే అడిగిన."

బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆమె తీగ మీద వదిలేసిన చొక్కా నేను తీశాను. స్టూడియోలో నవ్విన ముగ్గురి ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏమీ కాదు. అది చెవుల దాకా వచ్చి పోయింది. ఇది పోలేదు.

కొన్నాళ్ళు బుల్‌బుల్‌తార ముట్టుకోలేదు. ఒక సాయంత్రం ఆమే "దాని మీద దుమ్ము వడుతుంది" అంది. అప్పుడు ధైర్యం తెచ్చుకుని, ఎట్లా ఉందో చెప్పమని మొదటిసారి ఆమెను అడిగాను. మొహమాటపడింది. నాకేం తెలుసు అంది. చివరికి చెప్పింది. మొదలు చాలా పొడుగైందట. గ్లాసుతో గట్టిగా రాసే చోట పళ్ళు జివ్వుమంటున్నాయట. తంత్రి ఒంటరిగా మోగే చోట మాత్రం, యాచారం బస్సు కోసం ఒక్కతే నిలబడినట్టు ఉందట. "గాడ మోటరు ఎందుకు?" అని అడిగింది.

మళ్ళీ రికార్డు చేశాను. ఈసారి ఆమె వంటింట్లోనే ఉంది. తంత్రి ఆరిపోయే దాకా నోరు బిగబట్టి కూర్చున్నాను. మోటారు పెట్టలేదు. గుంపులో పెడితే ఆ తెలియని మనిషే "ఇప్పుడు తంత్రి వినపడుతోంది, మొదలు మాత్రం ఇంకా సాగుతోంది" అని రాశాడు. స్టాఫ్ గ్రూపుకు పంపలేదు.

మా ఆవిడకు ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. మంచం అంచున కూర్చుని, చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత వాటిని చుట్టి నా చేతిలో పెట్టి, పొయ్యి మీద అన్నం చూడటానికి వెళ్ళింది. బాగుందా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను.