రేపు మాస్టారు అడిగిన ట్రయల్

ఆ వీధి టైలరుని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన రేపు మాస్టారే. బట్టలు ఎప్పుడిస్తారని ఎవరడిగినా, తల ఎత్తకుండా, మిషను ఆపకుండా "రేపు" అనేవారు. ఆ ఒక్క ముక్కలో ఎంత నమ్మకం పలికేదంటే, పదిసార్లు ఊరికే తిరిగిపోయినవాళ్ళు కూడా పదకొండోసారి సంచీ పట్టుకుని వచ్చేవాళ్ళు.

చెడ్డమనిషి కాదు. చెయ్యి మంచిది, కుట్టు గట్టిది. ఉన్నదల్లా మొహమాటం. "ఇంకా మొదలుపెట్టలేదండీ" అంటే ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుంది కదా, అది చూడలేరు. అందుకని ఆ చిన్నబోవడాన్ని ఒకరోజు వాయిదా వేసేవారు. మర్నాడు ఇంకొకరోజు. అలా ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చారు.

కొట్టు రెండు మిషన్లు పట్టేంత ఉంటుంది. ఒకటి మాస్టారిది. రెండోదాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంటుంది, అది ఆయన అక్కది. మేకులకి కాగితం కటింగులు, మూలన ముక్కల మూట, గుమ్మం పక్కన వెలుతురు బాగా పడేచోట అక్క కుర్చీ. అసలు ఈ కొట్టు పెట్టింది ఆవిడే. తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటుకి భుజం నిలబెట్టడం దాకా నేర్పింది ఆవిడే.

అక్క రోజుల్లో కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. కోటు కుట్టమని ఇచ్చినవాళ్ళని వారం తిరక్కుండా ట్రయల్‌కి పిలిచేది. తెల్లదారంతో కచ్చాకుట్టు వేసిన కోటు తొడిగించేది. కాలరు ఉండదు, ఒక చెయ్యి ఉండదు, ఒళ్ళంతా సుద్దగీతలు. వచ్చినవాడు అద్దంలో చూసుకుని బిక్కమొహం వేస్తే, "కంగారుపడకు బాబూ, ఎక్కడ పట్టేస్తోందో చెప్పు, ఇప్పుడైతే రెండు దారాలు లాగితే పోతుంది" అనేది. చూపు తగ్గి ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేశాక, మాస్టారు ఆ పద్ధతిని నెమ్మదిగా ఎగరగొట్టారు. ట్రయల్‌కి పిలవాలంటే ముందు గుడ్డ కత్తిరించి ఉండాలి మరి!

అక్కకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాని సంగతి ఈమధ్యే డాక్టరమ్మ నీళ్ళు నమలకుండా చెప్పేసింది. వచ్చే ఏడాది ఈపాటికి వెలుతురుకీ చీకటికీ తేడా తెలిస్తే గొప్పేనట. ఇంటికొచ్చే దారిలో అక్కే అంది, "నీకంటే ఆవిడ నయంరా తమ్ముడూ. తేదీ చెప్పింది."

ఆట సంగతి ఇంట్లోకి తెచ్చింది మాస్టారి కూతురు. ఫోన్ల కొట్టులో పనిచేస్తుంది. రెండేళ్ళ కిందట ఒకరోజు ఫోను చూపించి చెప్పింది. ఎక్కడో ఇద్దరు స్నేహితులు కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. అందులో ఒక వీధి, ఆ వీధిలో ఒక టైలరు కొట్టు, ఆడేవాళ్ళు ఆ కొట్టు నడపాలి. వాళ్ళ వెనక కంపెనీ ఏదీ లేదు. ఆట కావాలనుకున్నవాళ్ళే ముందుగా తలాకాస్త డబ్బు పంపిస్తే, దాంతో తయారుచేసి అందరికీ ఇస్తారు.

"అంటే అడ్వాన్సు తీసుకుని కుట్టడం," అన్నారు మాస్టారు. ఆయనకి అది ఇట్టే అర్థమైంది.

ఇంకాస్త ఎక్కువ పంపినవాళ్ళ కొట్టునీ, వాళ్ళు చెప్పిన మనిషినీ ఆటలో బొమ్మగా పెడతారట. మాస్టారు అక్క పాత ఫోటో పంపించారు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, చేతిలో కత్తెర.

"నా మొహం ఎవరికి కావాల్రా?" అంది అక్క. అనేసి, మర్నాడు పళ్ళయినా తోముకోకుండా, "ఆ పిల్లలేమైనా రాశారా?" అని అడిగింది.

మొదట్లో పిల్లలు బాగానే రాసేవాళ్ళు. వారానికోసారి కబురు, కబురుకో బొమ్మ. వీధి దీపం గీశాం, మిషను చక్రం తిప్పాం. కూతురు చదివేది, అక్క వినేది, మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. తర్వాత నెలకొకటయింది. తర్వాత బొమ్మలు పోయి మాటలే మిగిలాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు అదీ లేదు. అక్క మాత్రం అడగడం మానలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాక పొద్దునా సాయంత్రమూ అడుగుతోంది.

"రాస్తారక్కా. ఇవాళో రేపో," అనేవారు మాస్టారు.

ఆయన నిజంగానే నమ్మారు. లోకంలో ఇంకెవరు నమ్మినా అర్థముంది. ఆయన నమ్మడమే విచిత్రం.

ఒకరోజు మధ్యాహ్నం లెక్కల సారు కొట్టుకి వచ్చారు. వచ్చే నెల ఆయన ఉద్యోగం నుంచి దిగిపోతున్నారు. ఆ వీడ్కోలు సభలో వేసుకోవడానికి కోటు గుడ్డ ఇచ్చి చాలాకాలమైంది. వృత్తిరీత్యా ఆయనకి లెక్క తప్పదు.

"మాస్టారూ, ఇది పదిహేడో రేపు."

"అయిపోయినట్టే సారూ. గుండీలే మిగిలాయి."

గుడ్డ కవరులోంచి బయటికి రాలేదు. సారు నిట్టూర్చి వెళ్ళిపోయారు. ఆయన ఇంకా వీధి మలుపు తిరిగారో లేదో, భోజనానికి ఇంటికొచ్చిన కూతురు ఫోను పట్టుకుని లోపలికి వచ్చింది.

"నాన్నా, వాళ్ళు రాశారు! 'మీ ఓపికకి కృతజ్ఞతలు. ఆట దాదాపు పూర్తయింది. చివరి మెరుగులు మాత్రమే మిగిలాయి.'"

అక్క కుర్చీలో ముందుకి జరిగింది. మాస్టారి కాలు పెడలు మీద ఆగిపోయింది.

"మళ్ళీ చదువమ్మా."

చదివింది.

"బొమ్మేమైనా పెట్టారా?"

"లేదు."

"తేదీ?"

"'త్వరలో' అన్నారు."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. ఈ విద్యలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. కాజాలు వేస్తున్నామంటే గుడ్డ ముట్టుకోలేదని. ఇస్త్రీకి వెళ్ళిందంటే ఇప్పుడే కత్తెర పట్టామని. గుండీలే మిగిలాయంటే కొలతల చీటీ ఎక్కడో పారేశామని. 'చివరి మెరుగులు' కూడా ఆ బాపతే.

"వాళ్ళింకా కత్తిరించలేదక్కా," అన్నారు.

"నీకెలా తెలుసు?"

మాస్టారు నేలకేసి చూశారు. అక్క చూపు తగ్గింది కానీ చెవులు పాము చెవులు. ఇందాకటి గుండీల మాట ఆవిడ వినకపోలేదు.

"ఓహో," అంది. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

ఆ సాయంత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని జవాబు రాయించారు. అప్పటికే ఆ కబురు కింద, డబ్బు పంపిన జనం నానా మాటలూ అన్నారు. దొంగలన్నారు, పారిపోయారన్నారు. మాస్టారు చెబుతూపోయారు, కూతురు టైపు చేస్తూపోయింది.

"చిరంజీవులైన పిల్లలిద్దరికీ..."

"నాన్నా, అలా ఎవరూ రాయరు."

"నేను రాస్తాను. నువ్వు కొట్టు."

ఆయన రాయించింది ఇదీ: "నేను టైలరుని. ఇరవై రెండేళ్ళుగా మీరు చెబుతున్న అబద్ధమే చెబుతున్నాను, అందుకని నాకు కోపం లేదు. గుడ్డ కత్తిరించారా లేదా, అది చెప్పండి. మా అక్క కోటుకి ట్రయల్ వేసేది. చెయ్యి లేకపోయినా, కాలరు లేకపోయినా కచ్చాకుట్టు మీదే తొడిగించేది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ చూపు ఇంకో ఏడాదికి మించి ఉండదట. మీ ఆట పూర్తయ్యేదాకా ఆగలేను. ఉన్నది ఉన్నట్టు ఒకసారి చూపించండి."

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అక్క అడగడం కూడా మానేసింది. మాస్టారికి అదే ఎక్కువ భయం వేసింది. ఆ నాలుగు రోజుల్లో లెక్కల సారు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మాస్టారు ముక్కల మూట వెనక ఏదో వెతుకుతున్నట్టు వంగుని, ఆయన వెళ్ళాకే లేచారు.

ఐదోరోజు కబురొచ్చింది. ఈసారి పొడుగ్గా ఉంది.

"టైలరుగారూ, కత్తిరించలేదు. ఒకసారి కత్తిరించాం కానీ తప్పు కత్తిరించాం. సగం తీసేసి మళ్ళీ మొదలుపెట్టాం. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. చూపించదగ్గది ఏదైనా తయారయ్యాక రాద్దామనుకున్నాం. ఆలస్యమైనకొద్దీ ఇంకా గొప్పది చూపించాలి కదా అనిపించింది, దాంతో ఇంకా ఆలస్యమైంది. ఆట రావడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. మీ అక్కగారి కొట్టు మాత్రం ఇదిగో, కచ్చాకుట్టు మీదే."

కింద ఒక వీడియో ఉంది. జనం అప్పటికే దాని చుట్టూ మూగారు. దొంగలన్న మనిషే "మాక్కూడా ట్రయల్ కావాలి" అని రాశాడు.

కూతురు ఫోను అక్క చేతికిచ్చింది. ఆవిడ దాన్ని మంచి కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పుకుంది. గోడలకి రంగుల్లేవు, బూడిదరంగు పలకల్లా ఉన్నాయి. మిషను గాల్లో తేలుతోంది. మధ్యలో ఒక మనిషి ఆకారం, మెడలో టేపు, మొహం ఇంకా మైదాపిండి ముద్దలా ఉంది. కానీ కత్తెర పట్టుకున్న తీరు మాత్రం అచ్చం అక్కదే.

అక్క ఆ బొమ్మ మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది.

"టేపు తప్పురా," అంది. "రెండు కొసలూ సమానంగా వేలాడేశారు. నేనలా ఎప్పుడు వేసుకున్నాను? ఎడమవైపుది పొడుగ్గా ఉండాలి. లేకపోతే వంగినప్పుడల్లా జారుతుంది. రాయవే పిల్లా."

"రాస్తున్నా అత్తా."

"మిషను కిందికి దింపమను. వేలితొడుగు ఏదీ? వేలితొడుగు లేకుండా సూది పట్టుకుంటే ఎవరైనా నవ్విపోతారు."

ఆవిడ గొంతు చాన్నాళ్ళ తర్వాత పాత పెద్ద టైలరు గొంతులా ఖంగుమంది. మాస్టారు ముక్కు ఎగబీల్చుకుంటూ, దారం చిక్కు తీస్తున్నట్టు నటించారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో లెక్కల సారు నీడ పడింది. మూట వెనక దాక్కునే వ్యవధి లేదు.

"ఇరవయ్యోది," అన్నారు సారు.

మాస్టారి నోట్లో "రే" దాకా వచ్చింది. అక్క ఫోను మీంచి తల ఎత్తింది. ఆవిడకి ఆ దూరానికి ఏమీ కనబడదు. అయినా మాస్టారికి ఒళ్ళంతా చూసేసినట్టనిపించింది.

"ఇంకా కత్తిరించలేదు సారూ."

లెక్కల సారు మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు.

"ఒంట్లో బాగాలేదా మాస్టారూ?"

"బాగానే ఉంది. సభ ఎప్పుడు?"

"పన్నెండు రోజులుంది."

"శుక్రవారం ట్రయల్‌కి రండి. ఒక చెయ్యి ఉండదు."

"ఏ చెయ్యి?" అన్నారు సారు అనుమానంగా.

కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం సారు వచ్చారు. కోటు ఉంది. కుడిచెయ్యి లేదు. సుద్దగీతలతో, తెల్లదారాలతో అద్దం ముందు బొమ్మలా నిలబడి, ముక్కూ మొహమూ ఎర్రగా చేసుకున్నారు. అది సిగ్గో సంతోషమో ఎవరికీ తెలియలేదు. అక్క కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన భుజాల మీద వేళ్ళు నడిపించింది.

"ఎడమ పక్క పట్టేస్తోంది కదూ?"

"అవునండీ! మీకెలా తెలిసింది?"

"తమ్ముడూ, రెండు దారాలు లాగు."

మాస్టారు లాగారు.

ఆ సాయంత్రమే పిల్లల దగ్గర్నుంచి ఇంకో కబురు. టేపు సరిచేశారు, మిషను నేలకి దిగింది. అక్క ఫోను కంటి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది.

"ఈ వెనక తలుపు తీస్తే ఏముందే?"

"ఇంకా ఏమీ లేదట అత్తా. లోపల గది కట్టలేదట. ఆ మాటే రాశారు."

"ఎప్పుడు చూపిస్తారట?"

"వచ్చే నెల ఐదో తారీఖున."

అక్క కాసేపు లోపల్లోపల ఏదో లెక్క చూసుకుంది. తర్వాత ఫోను తిరిగిచ్చేసింది.

"ఐదో తారీఖుకి నాకు కన్నుంటుంది. ట్రయల్‌కి వస్తానని రాయి."