గురువారం రానివాళ్లు ఆదివారం పాడరు

మా మౌంట్ పిస్గా చర్చిలో పాస్టరుగారి మాటైనా కాదనగలరేమో గానీ, ఓజెల్లా మాట కాదనలేరు. ఊళ్లో స్కూలు బస్సు నడిపిన మనిషి. మా గాయక బృందాన్ని నడిపేదీ ఆవిడే; బస్సులో పిల్లల్ని అదిలించినట్టే మమ్మల్నీ అదిలిస్తుంది. గురువారం ప్రాక్టీసుకు రానివాళ్లు ఆదివారం పాడకూడదన్నది ఆవిడ శాసనం. పెళ్లి హడావుడిలో ప్రాక్టీసు ఎగ్గొట్టిందని కన్నకూతుర్నే బెంచీ మీద కూర్చోబెట్టింది.

అలాంటి మనిషి ముందుకు ఓ ఆదివారం వెర్లీన్ వచ్చింది. చిన్నప్పుడు మంద్రగొంతుల వరసలో నా పక్కన నిలబడి పాడిన పిల్లే. క్లబ్బుల్లో ప్రేమపాటలు పాడతానని మెంఫిస్ నగరానికి వెళ్లి, సోల్ అనే ఆ తరహా సంగీతంలో పెద్ద గాయని అయింది. డెబ్బై దాటాక, ఇక్కడ నేర్చుకున్న పాత భక్తిపాటలతో ఆల్బం చేస్తే దేశంలోకెల్లా పెద్ద బహుమతి వచ్చింది. అది పట్టుకుని లోపలికి రాగానే చర్చంతా లేచి నిలబడింది. పాస్టరుగారు మైకు అందించబోయారు.

"మైకు వద్దండీ. నా పాత చోట్లో నిలబడి అందరితో కలిసి పాడాలని వచ్చాను," అంది వెర్లీన్.

"గురువారం వచ్చావా?" అంది ఓజెల్లా.

"ఎక్కడొస్తానే! ఇవాళ పొద్దున్నేగా ఊళ్లో దిగాను."

"అయితే కూర్చో."

పాస్టరుగారు పైకప్పు వంక చూశారు. వెర్లీన్ బహుమతి ఒళ్లో పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. ఆరాధన అయ్యాక అందరికీ వడ్డించే చేపల వేపుడు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంత అవమానం జరిగాక మళ్లీ ఈ గుమ్మం తొక్కుతుందా?

"నీకు బుద్ధుందా? బంగారంలాంటి మనిషిని తరిమేశావు," అన్నాను ఓజెల్లాతో.

"పాడాలనుంటే అదే వస్తుందిలే. నువ్వు ముందు ఆ రెండో చరణం నేర్చుకో."

గురువారం సాయంత్రం మాకంటే ముందే వచ్చి వెర్లీన్ చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. నా పక్కన నిలబడి గొంతెత్తిందో లేదో, కిటికీ అద్దాలు అదిరాయి. మేమంతా పాడటం మరిచిపోయి విన్నాం.

ఓజెల్లా చెయ్యెత్తి ఆపింది. "ఏమే వెర్లీన్, పరలోకానికి నువ్వొక్కదానివే పోతావా? గొంతు తగ్గించు. పక్కవాళ్లేం పాడుతున్నారో విను."

వెర్లీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిపోయింది, ఇక ఉండదనుకున్నాను. ఆమె పకపకా నవ్వేసింది.

"మా అమ్మ పోయాక నన్ను కసిరేవాళ్లే లేకుండా పోయారే, ఓజెల్లా."

"ఇక ఆ లోటుండదులే. ఊఁ, మొదటి నుంచి అందుకోండి."