శనగచేలో పిండిన పులుపు

1946 డిసెంబరులో నేను బి.ఎస్సీ. చదువుతూ సెలవులకు గురజాల దగ్గరి మా ఊరికి వచ్చాను. శనగ పూతకు వచ్చిన రోజుల్లో మా నాయనమ్మ సాయంత్రం చేనిపై పాత పంచె కప్పి, తెల్లవారాక మంచుకు తడిసిన ఆ పంచెను కుండలోకి పిండేది. ఆ పుల్లని నీరే ఏడాదంతా ఇంటిల్లిపాదికీ అజీర్తి మందు. ఆ ఏడు ఆమెకు మోకాళ్ళ నొప్పి. కుండ నింపే బాధ్యత నాది.

పులుపు మంచులోనిదని నేను నిర్ణయించుకున్నాను. జొన్న ఆకు వెడల్పు గనుక మంచు అధికమని లెక్కగట్టి, ఇంట్లోని నాలుగు పాత పంచెలూ జొన్నచేలోనే పరిచాను. ఉదయానికి రెండు శేర్లు వచ్చాయి. నాయనమ్మ వేలు ముంచి నాకింది.

"ఏందిరా ఇది? ఉత్త నీళ్ళు!"

"మంచేగా నాయనమ్మా?"

"శనగచేలో నడిస్తే కాళ్ళు చురచురమంటాయి. జొన్నచేలో ఎప్పుడన్నా మండినయ్యా? పులుపు ఆకుదిరా, చదువుకున్నోడా!"

మర్నాడు శనగచేలో ముప్పావు శేరే వచ్చింది. కాలేజీ నుంచి తెచ్చుకున్న నీలి లిట్మస్ కాగితం అందులో ముంచగానే ఎర్రబడింది. పాఠ్యపుస్తకం తెరిచాను. శనగ ఆకు స్రవించేది ప్రధానంగా మాలిక్ ఆమ్లమట. ఆహారం నుంచి శక్తిని తీసేటప్పుడు మన శరీర కణాల్లోనూ అదే ఆమ్లం క్షణక్షణం పుట్టి, వేరొక ఆమ్లంగా మారుతూ ఉంటుంది. పరుగున వెళ్ళి చెప్పాను.

"నీ ఒంట్లోనూ ఈ పులుపు తయారవుతోంది నాయనమ్మా!"

"అట్టయితే నన్నే పిండుకోకపోయావా, ఆ జొన్నచేలో నాలుగు పంచెలు తడిపే బదులు!"

ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాము. పదకొండో ఉదయానికి కుండ మెడదాకా నిండింది.